పాడే ఇనుము

మా వైపు ప్రతి ఇంటికీ రెండు బండ్లుంటాయి. ఒకటి ఇష్టానికి, ఒకటి ఉప్పుకి.

ఇష్టమైనది అక్టోబరు చివర పాకలోకి పోతుంది. చక్రాల కింద చెక్కదిమ్మలు పెట్టి, ఎలుకలు చేరకుండా సీట్ల మీద కలరా ఉండలు చల్లి, పాత దుప్పటి కప్పుతారు. ఏప్రిల్‌లో పెద్దవాన పడి మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పంతా సరస్సులోకి కొట్టుకుపోయేదాకా అది నిద్రపోతుంది. రెండోది పాత ట్రక్కు. ముందు ఇద్దరికి సరిపోయే ఒకే సీటు, వెనక తెరిచిన తొట్టి, తొట్టిలో బరువు కోసం నాలుగు ఇసుక బస్తాలు. ఎవరో పదిహేనేళ్ళు వాడి వదిలేసినది, చవగ్గా దొరికినది. దానికి పేరు పెట్టరు, దాన్ని కడగరు. మంచిదాని బదులు ఉప్పు తినడానికే అది పుట్టిందన్నట్టు చూస్తారు.

దాన్ని కొనేముందు నన్ను పిలుస్తారు.

ముప్ఫై ఒక్క చలికాలాలు నేను కౌంటీ వాళ్ళ ఉప్పు బండి నడిపాను. ముందు పలక మంచును తోస్తూ ఉండేది, వెనక గిన్నె గిరగిరా తిరిగి ఉప్పు చల్లుతూ ఉండేది. ఊరి బండ్లన్నిటినీ తుప్పు పట్టించి తిన్నది నా చేతి ఉప్పే. అందుకేనేమో, ఏది ఎంత తినబడిందో చెప్పే పనీ నాకే వచ్చింది.

పనిముట్టు ఒకటే, చిన్న సుత్తి. మా నాన్నది. రాగి గనిలో ఆయన పొద్దున్నే దిగగానే పైకప్పు రాయిని దానితో తట్టేవాడు. గట్టి రాయి మోగుతుంది, ఊడబోయే రాయి బోలుగా పలుకుతుంది. ఆ తేడా తెలిసినవాళ్ళు సాయంత్రం ఇంటికొచ్చేవాళ్ళు. నేను దానితో ట్రక్కుల కింద దూరి ఛాసీని, అదే అడుగు చట్రాన్ని, తట్టేవాణ్ణి. ముందు నుంచి వెనకదాకా, జానెడుకొక దెబ్బ. మంచి ఇనుము పాడుతుంది. లోపల తుప్పు తిన్న ఇనుము దగ్గుతుంది. పైకొచ్చి ఒక్క మాట చెప్పేవాణ్ణి. "పాడుతోంది" అంటే కొనేవాళ్ళు. "దగ్గుతోంది" అంటే టోపీ పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. మూడో మాట నేనెప్పుడూ అనలేదు.

అప్పటికి రెండేళ్ళుగా నా చెవులు వెళ్ళిపోతున్నాయి. ఒక్కసారిగా పోలేదు. పెళ్ళయిన ఇంట్లోంచి చుట్టాలు ఒక్కొక్కరే సెలవు తీసుకున్నట్టు పోయాయి శబ్దాలు. మొదట చిన్న పిట్టలు పోయాయి. తర్వాత పొయ్యి మీద కెటిల్ ఈల పోయింది. డిసెంబరులో సరస్సు గడ్డకట్టేటప్పుడు మంచుపలక ఆ చివర నుంచి ఈ చివరదాకా ఒక మూలుగు మూలుగుతుంది, చిన్నప్పుడు దానికి భయపడి నాన్న కోటులో తల దాచుకునేవాణ్ణి. అదీ పోయింది. బాధపడ్డానని చెప్పను. ఏడాది పొడుగునా మంచు పడుతున్నట్టే ఉండేది లోకం, మెత్తగా, దూరంగా. ఎదురుగా నిలబడితే పెదాలు చూసి మాట తెలుసుకునేవాణ్ణి. మా వాళ్ళు ఎలాగూ ఎక్కువ మాట్లాడరు.

ఎవరికీ చెప్పలేదు. చెప్పమని ఎవరూ అడగలేదు. ఆ ఏడాది శరత్కాలంలో కూడా మూడు ట్రక్కులకు మాట చెప్పాను. పాల రైతు ఒలావికి, విధవరాలు హిల్యాకి, టీచరు బెర్నిస్‌కి. కంటితో చూసి, చేత్తో తడిమి, అలవాటు కొద్దీ సుత్తితో తట్టి, మూడుసార్లూ "పాడుతోంది" అన్నాను.

అప్పుడు ఐలి వచ్చింది.

ఐలి మా తమ్ముడి కూతురు. గనులు మూతపడ్డాక తమ్ముడు డిట్రాయిట్ పోయి అక్కడే కన్ను మూశాడు. ఈ పిల్ల మాత్రం వెనక్కి వచ్చింది. నర్సు. ఇంటింటికీ తిరిగే నర్సు. ఒడ్డు వెంబడి రోజుకు తొంభై మైళ్ళు తిరిగి, మంచాన పడ్డవాళ్ళకు కట్లు మార్చి, మందులిచ్చి వస్తుంది. ఆ దారిలో గని కొండ దిగాలి. నిట్టనిలువు దిగుడు, అడుగున ఒక మలుపు, మలుపు దాటితే సరస్సే.

"పెదనాన్నా, వచ్చే వారమే ఉప్పు పడుతుందట. నా నీలం కారు నీ పాకలో పడుకోబెట్టనా?" అని గట్టిగా అడిగింది. నాతో ఎప్పుడూ గట్టిగానే మాట్లాడుతుంది.

"పడుకోబెట్టు."

"మరి నాకు ట్రక్కు?"

"చూద్దాం."

"చూద్దామంటే ఎప్పుడు చూద్దాం? ముసలాళ్ళు కాళ్ళు చాపుకుని నాకోసం కూచుంటారు. రెండ్రోజులు వెళ్ళకపోతే ఆఫీసువాళ్ళు ఇంకోదాన్ని పెట్టుకుంటారు. సులో బాబాయ్ తన ట్రక్కు అమ్మేస్తాడటగా?"

"అడుగుదాం."

"నువ్వొచ్చి వినాలి. నువ్వు పాడుతోందంటేనే తీసుకుంటా. ఆ కొండ మీద వెనక ఇరుసు ఊడిందంటే నా కట్లు నాకే కట్టాలి, అదీ మిగిలితే."

సరేనన్నాను. అనకుండా ఉండవలసింది.

సులో నాతోపాటు ఉప్పు బండి నడిపినవాడు. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే, ఎవరూ తన చెత్త వాగుడు వినలేరని ఒప్పుకుంటాడు. మేం వెళ్ళేసరికి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"వచ్చార్రా? ఈ తుక్కు చూడ్డానికి ఇంత దూరమా? అమ్మాయ్, నువ్వు నడిచి తిరగవే, ఒంటికి మంచిది."

"బాగానే ఉంది బాబాయ్. రంగు బావుంది," అంది ఐలి.

"రంగెక్కడిది? అదంతా తుప్పే."

"తలుపు చక్కగా పడుతోంది."

"పడుతుంది. మళ్ళీ తెరుచుకోదు. అటువైపు నుంచి దిగాలి."

"హీటరు?"

"అదొక్కటే పనిచేస్తుంది. కాళ్ళు ఉడుకుతాయి, తల గడ్డకడుతుంది. ఇద్దరు మనుషుల్లా ఉంటావు."

మా వైపు పద్ధతి అది. అమ్మేవాడు తన సరుకును తిడతాడు, కొనేవాడు పొగుడుతాడు. అలా జరగకపోతే ఇద్దరిలో ఎవడో దొంగ అని అర్థం.

అప్పుడు సులో నా వైపు తిరిగాడు. "ఒరే టౌనో, ఆ వెనక కుడివైపు, కమాను పట్టీలు తగిలించే కొక్కెం ఉంటుంది చూడు, అక్కడ నాకు నమ్మకం లేదురా. కొననీయొద్దు."

పెదాలు చూసి ప్రతి మాటా తెలుసుకున్నాను. మర్యాదకు తిడుతున్నాడనుకున్నాను. నవ్వి, కోటు విప్పి, కిందికి దూరాను.

సులో ఏటేటా అక్టోబరులో పారబోసే ఇంజిను నూనె ఛాసీ అంతా పూసి, ఆ తడి మీదే మట్టిరోడ్డులో పది మైళ్ళు తోలుకొస్తాడు. దుమ్ము అంటుకుని బెరడు కడుతుంది. అదే దానికి ఉప్పు తగలకుండా కాపలా. మంచి పద్ధతే. కానీ రెండు వేళ్ళ మందం బెరడు కింద ఏముందో కంటికి అందదు, చేతికీ అందదు. మిగిలింది సుత్తి.

తట్టాను. జానెడుకొక దెబ్బ. ఒక్కొక్కటీ పరుపు మీద కొట్టినట్టు వచ్చింది. ముందు చక్రం దగ్గరా అదే, మధ్యలోనూ అదే, వెనకా అదే. ఇనుము నాకేదో చెబుతోంది, నేను కిటికీ అద్దానికి ఇవతల ఉన్నాను. పక్కకి చూస్తే రెండు జతల బూట్లు కనిపించాయి. సులో బూట్లు, ఐలి బూట్లు. కదలకుండా ఎదురుచూస్తున్నాయి. ఆకాశం లోంచి ఆ ఏటి మొదటి మంచు రవ్వ దిగి ఐలి బూటు మీద వాలింది. అది కరిగేదాకా చూస్తూ ఉన్నాను.

బయటికొచ్చి "పాడుతోంది" అన్నాను.

సులో నా ముఖంలోకి కొంచెం ఎక్కువసేపే చూశాడు. ఐలి ట్రక్కును చూసింది, నన్ను చూసింది. సంతోషమేమో అనుకున్నాను.

లోపలికి వెళ్ళి యాలకుల రొట్టె ముంచుకుని కాఫీ తాగాం. మా వైపు మూడో కప్పు కాఫీ తాగితే బేరం ముగిసినట్టే, ఇక ఎవరూ ఎవరికీ ఏమీ వెనక్కి ఇవ్వరు. మూడు కప్పులూ తాగాం. ఐలి ఆరు వందల డాలర్లు బల్ల మీద పెట్టింది.

"రేపు ఏడుస్తూ నా ఇంటికి రాకు," అన్నాడు సులో.

అదీ మర్యాదే.

మంచు పడింది. మా మంచు పడటం మొదలుపెడితే ఆగడం మరిచిపోతుంది. కంచెలు ముందు పోతాయి, తర్వాత ఉత్తరాల పెట్టెలు, తర్వాత ఎవరి పొలం ఎక్కడ ముగుస్తుందో ఆ తగువులు పోతాయి. నేను కిటికీ దగ్గర కూచుని చూసేవాణ్ణి. నా తర్వాత ఉప్పు బండెక్కిన మనిషి పొద్దున్నే పోయేవాడు. పసుపు దీపం తిరుగుతూ కనిపించేది, చప్పుడు ఉండేది కాదు. వెనక తెల్లటి గింజలు రోడ్డు మీద ఎగిరి దొర్లేవి. కాసేపటికి అదే రోడ్డు మీద ఐలి ట్రక్కు పోయేది. ఇసుక బస్తాల పక్కన మందుల పెట్టె. ఆమె చెయ్యి ఊపేది. నేనూ ఊపేవాణ్ణి. ట్రక్కు తెల్లదనంలోకి కొంచెం కొంచెంగా కరిగిపోయేది. ముందు చక్రాలు, తర్వాత తలుపు, చివరికి ఎర్ర దీపాలు. ఎర్ర దీపాలు పోయాక కూడా నేను కిటికీ వదిలేవాణ్ణి కాదు.

ఆ రోజుల్లో నాన్న కలలోకి వచ్చేవాడు. గనిలో, నెత్తిన దీపంతో, పైకప్పు రాయిని తడుతూ ఉండేవాడు. తట్టి నా వైపు తిరిగి ఒక మాట అనేవాడు. నాకు తెలిసిన రెండు మాటల్లో ఏదో ఒకటి. దీపం నా కళ్ళలో పడి ఆయన పెదాలు కనిపించేవి కావు.

మాకు శనివారం సౌనా. పెరట్లో చెక్క గది, లోపల కాలిన రాళ్ళు, వాటి మీద నీళ్ళు చల్లుకుని ఆవిరిలో కూచుంటాం, మధ్యలో బయటికొచ్చి మంచులో దొర్లుతాం. ఐలి ప్రతి శనివారం వస్తుంది. డిసెంబరు రెండో శనివారం తువ్వాలు భుజాన వేసుకుని వస్తూ, వాకిట్లో ఆగింది.

"పెదనాన్నా, ఆ కొండ దిగేటప్పుడు వెనక కొంచెం కుడిపక్కకి లాగినట్టుంటోంది. చల్లటి టైర్ల వల్లేమోలే."

నేను ట్రక్కు వెనక కుడి చక్రం వైపు చూశాను.

"నువ్వు పాడుతోందన్నావుగా," అని నవ్వి లోపలికి వెళ్ళిపోయింది.

పొగగొట్టం నుంచి పొగ నిటారుగా లేస్తోంది. పొద్దు సరస్సు మీద వాలి మంచంతా నీలంగా మారుతోంది. నేను సౌనా కట్టెల దొంతి దగ్గర నిలబడి ఉన్నాను. ఎప్పటిదో గుర్తొచ్చింది. ఉప్పు బండి ఇంజిను మొరాయిస్తే సులో ఒక పొడుగు స్క్రూడ్రైవరు కొస ఇంజినుకు ఆనించి, పిడి పళ్ళ మధ్య పెట్టుకునేవాడు. "చెవి గాలిని వింటుందిరా, ఎముక ఇనుమునే వింటుంది" అనేవాడు. వాడి వాగుడే అనుకుని నవ్వేవాళ్ళం.

దొంతిలోంచి ఒక బర్చి పుల్ల లాగాను. మూరెడు పొడుగు, బొటనవేలి లావు. ఇంట్లోంచి సుత్తి తెచ్చాను. వెల్లకిలా పడుకుని ఐలి ట్రక్కు కిందికి జరిగాను.

ముందు చక్రం దగ్గర కొంచెం బెరడు గీకి, పుల్ల కొస ఇనుముకు ఆనించి, రెండో కొస పళ్ళతో కరిచిపట్టి, తట్టాను.

పాడింది.

నా పుర్రెలో పాడింది. చెవుల్లోంచి రాలేదు. దవడ నుంచి లేచి కణతల్లోకి పాకింది. గంట మోగిన తర్వాత చాలాసేపు మిగిలే ఆ చివరి సన్నటి భాగం ఉంటుందే, అలాంటిది. రెండేళ్ళుగా గడ్డకట్టి ఉన్న సరస్సు ఒక్క చోట పగిలి నీళ్ళు కనిపించినట్టు అయింది. ఇంకో జానెడు జరిగాను. మళ్ళీ పాడింది. ఒక దెబ్బకు కెటిల్ ఈల గుర్తొచ్చింది, ఇంకో దెబ్బకు చిన్న పిట్టలు. ఎందుకొచ్చానో మరిచిపోయాను. కాసేపు ఊరికే ఒకే చోట తడుతూ పడుకున్నాను, ట్రక్కు అడుగున అంటిన మంచు ముఖం మీద రాలుతుంటే.

తర్వాత వెనక్కి జరిగాను. వెనక కుడివైపు, కమాను కొక్కెం దగ్గర పుల్ల ఆనించి తట్టాను.

ఏమీ రాలేదు. మళ్ళీ తట్టాను. తడి అట్టపెట్టె మీద వేలితో కొట్టినట్టు ఒక పొడి దగ్గు.

సుత్తి పిడితో బెరడు తోశాను. ఊడింది. బెరడు వెనక ఇనుము కూడా ఊడింది. బిస్కెట్టు పొరల్లా గోధుమరంగు పెచ్చులు నా కళ్ళ మీద, పెదాల మీద రాలాయి. చెయ్యి పెడితే వేళ్ళు ఛాసీ లోపలికి పోయాయి. నాలుక మీద ఏదో పడింది. ఉప్పు. ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను చల్లిన ఉప్పు రుచి అప్పటిదాకా నాకు తెలియదు.

పక్కకి చూస్తే రెండు పాదాలు. చెప్పులు లేవు. మంచులో ఆవిర్లు కక్కుతూ ఎర్రగా ఉన్నాయి. సౌనా నుంచి మంచులో దొర్లడానికి బయటికొచ్చింది కాబోలు. ఏదో అంటోందని పాదాలు కదిలిన తీరు బట్టి తెలిసింది. జరిగి బయటికొచ్చాను. కోటు చుట్టుకుని నిలబడి ఉంది. తల నుంచి పొగలు.

"ఐలీ, ఇది దగ్గుతోంది."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు కొన్నప్పట్నుంచి."

అర్థం కానట్టు చూసింది.

"నాకు వినపడదమ్మా. రెండేళ్ళయింది. ఆ రోజు నాకేమీ వినపడలేదు. ఊరికే అన్నాను."

ఆమె కోటు ఇంకా దగ్గరికి లాక్కుంది. జుట్టు కొసల్లో నీళ్ళు గడ్డకట్టి చిన్న చిన్న పుల్లలవుతున్నాయి.

"నీకు గట్టిగా చెబితేగాని అందదని తెలుసు," అంది చివరికి. "కానీ సుత్తి అందుతుందనుకున్నా. సుత్తి వేరే అనుకున్నా పెదనాన్నా."

"వేరేం కాదు."

"ఆ రోజు నాకు తేడాగానే వినిపించింది తెలుసా? అన్నీ ఖంగుమన్నాయి, వెనకది ఒక్కటి డబ్బా మీద కొట్టినట్టుంది. నువ్వు బయటికొచ్చి పాడుతోందన్నావు. సరే, నా చెవికే ఏదో వచ్చిందనుకున్నా." గొంతు ఎక్కడ పెరిగిందో వినలేదు గాని మెడ నరాలు లేచాయి. "నిన్న ఒలావి వాళ్ళమ్మని పక్కన కూచోబెట్టుకుని ఆ కొండ దిగాను. ఎనభై తొమ్మిదేళ్ళ మనిషిని. ఆవిడ దారి పొడుగునా నిద్రపోయింది, నేను బండి బాగా తోలుతున్నానని."

నా ట్రక్కు తాళాలు జేబులోంచి తీసి ఇచ్చాను.

"నాది తీసుకో. దీన్ని నాకొదిలెయ్."

తాళాలు తీసుకోలేదు. "నీదాన్ని నువ్వెప్పుడు విన్నావు?"

"మూడేళ్ళ కిందట."

"అయితే దూరు కిందికి," అంది. "ఉండు, బూట్లు తొడుక్కొస్తా."

నా పాత ఆకుపచ్చ ట్రక్కు కింద ఇద్దరం పక్కపక్కనే పడుకున్నాం. ఆమె తట్టింది, నేను పుల్ల కరిచాను. పాడితే వేలెత్తమంది. ఆమె తన చెవితో విని ముందే వేలెత్తి నాకోసం ఆగేది. చీకట్లో టార్చి వెలుతురులో రెండు వేళ్ళు లేచేవి, ఒకటి తర్వాత ఒకటి. మధ్యలో ఒకచోట ఆమె వేలు తటపటాయించింది. మళ్ళీ తట్టింది. నేను తలూపాను. అది బోలుగా పలకడం కాదు, అక్కడ బ్రేకు గొట్టం తగిలించి ఉంది, అందుకని కొంచెం మందంగా పాడుతుంది. పుల్ల తీసి ఆమె పళ్ళకు అందించాను. కరిచి చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"అబ్బ! పళ్ళు జివ్వుమంటున్నాయి."

"అదే."

చివరిదాకా పాడింది. అప్పుడు తాళాలు తీసుకుంది. మందుల పెట్టె నా ట్రక్కులోకి మార్చాను. ఎక్కి కూచుని, అద్దం దించి, పెదాలు నాకు కనిపించేలా తిరిగి అడిగింది.

"ఈ ఏడాది ఇంకెందరికి చెప్పావు పాడుతోందని?"

"ముగ్గురికి."

"రేపు ఆదివారం. మూడూ చర్చి దగ్గరే ఉంటాయి. సుత్తి తెచ్చుకో, పుల్ల మరిచిపోకు."

మర్నాడు మంచు సన్నగా, గాలి లేకుండా పడుతోంది. పిండి జల్లెడ పడుతున్నట్టు. ఆరాధన మొదలై తలుపులు మూసేదాకా ఆగాం. చర్చి పక్కన బండ్లన్నీ వరసగా ఉన్నాయి, అన్నిటి మీదా ఒకే తెల్ల దుప్పటి. ఏది ఎవరిదో మూపును బట్టి గుర్తుపట్టాలి. మొదట బెర్నిస్ టీచరుది. ఐలి తట్టింది, నేను కరిచాను. పాడింది. తర్వాత హిల్యాది. పాడింది. ఒక్కో ట్రక్కు పాడుతుంటే నా గుండెల మీంచి ఒక్కో ఇసుక బస్తా దించినట్టుంది.

ఒలావి ట్రక్కు కింద ఉండగా కొత్త బూట్లు వచ్చి ఆగాయి. సులో. వాడు చర్చికి ఎప్పుడూ ఆలస్యమే. వంగి చూశాడు.

"ఏరా, దేవుడు లోపలున్నాడు. కింద కాదు."

ఐలి బయటికి జరిగింది. "బాబాయ్, నువ్వమ్మిన ట్రక్కు వెనక కొక్కెం దగ్గర చెయ్యి దూరిపోతోంది."

సులో టోపీ తీసి మంచు దులిపాడు. "చెప్పానుగా కొనొద్దని! వీడి మొహం మీదే చెప్పా."

"నువ్వు తలుపూ బాలేదన్నావు, రంగూ బాలేదన్నావు."

"అవీ నిజమే కదే!" అన్నాడు సులో. తర్వాత నా వైపు చూసి, పెదాలు మెల్లగా కదిపాడు. "మన ఊళ్ళో నిజంగా బాలేదని చెప్పాలంటే ఎలా చెప్పాలిరా? దానికి మాట లేదు. నువ్వు తడుతుంటే నాకూ దగ్గే వినిపించింది. పైకొచ్చి పాడుతోందన్నావు. నాకు వయసు మీద పడిందనుకుని ఇంటికెళ్ళి చెవుల్లో నూనె పోసుకున్నా."

ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం. ఇద్దరు విన్నారు. విననివాడి మాట నమ్మారు.

"నాకు వినపడదు సులో," అన్నాను.

"తెలిసిందిలే ఇప్పుడు," అన్నాడు. వాడు అంత తక్కువ మాట్లాడటం నేను చూళ్ళేదు. టోపీ మళ్ళీ పెట్టుకుని, "ఆ ట్రక్కు వసంతంలో నా దగ్గరికి తోలు. పలక అతికిద్దాం. ఉప్పు రోడ్డెక్కకుండా అడివి దారిలో కట్టెలు మోస్తుంది," అన్నాడు. మూడో కప్పు కాఫీ తర్వాత ఇలాంటి మాట మా ఊళ్ళో ఎవరూ అనలేదు.

మళ్ళీ కిందికి దూరాం. ఒలావి ట్రక్కు ఛాసీ ఎడమ దూలం మొత్తం పాడింది. కుడి దూలం సగందాకా పాడింది. క్యాబు వెనక, నేను శరత్కాలంలో చేత్తో తడిమి నున్నగా ఉందని సంతోషపడ్డ చోట, ఎవరో కొత్తగా నల్ల రంగు వేసిన చోట, దగ్గింది. ఐలి మూడుసార్లు తట్టింది. మూడుసార్లూ దగ్గింది. ఆమె వేలు లేవలేదు. నాదీ లేవలేదు.

లేచి మంచు దులుపుకుని చర్చి గోడకు ఆనుకున్నాను. పాత చెక్క గోడ. లోపల పాట నడుస్తోందని సులో తల ఊపుతున్న తీరు బట్టి తెలిసింది. ఐలి నా చేతిలోంచి పుల్ల తీసుకుంది. ఒక కొస గోడ చెక్కకు ఆనించి, రెండో కొస నా ముఖం దగ్గర పట్టుకుంది.

"కరిచిపట్టు," అంది.

కరిచాను.

మొదట ఆర్గన్ వచ్చింది, నేల లోపల్నుంచి వచ్చినట్టు. దాని మీద మనుషులు. మాటలు అందలేదు. నూట ఇరవై గొంతులు ఒకే చెక్కలో కలిసి నా దవడలో మోగుతున్నాయి. అందులో హిల్యా ఉంది, బెర్నిస్ ఉంది, ఒలావి ఉన్నాడు, వాళ్ళమ్మ ఉంది. ఎవరెవరో విడదీయలేకపోయాను. కళ్ళు మూసుకున్నాను. మంచు కనురెప్పల మీద వాలుతోంది. మా నాన్న దీపం పక్కకి తిప్పుకుని, పెదాలు కనిపించేలా నా వైపు తిరిగినట్టనిపించింది.

పాట ఆగింది. కాసేపటికి భుజం మీద చెయ్యి పడి కళ్ళు తెరిచాను. తలుపులు తెరుచుకున్నాయి. మెట్ల మీద జనం నిలబడి నన్నే చూస్తున్నారు, గోడకు పుల్ల పెట్టి కొరుకుతున్న ముసలివాణ్ణి.

"కంగారు పడకండి!" అని సులో అరిచాడు. ఎంత గట్టిగా అరిచాడంటే నాకూ కొంచెం అందింది. "టౌనో చర్చిని బేరం చేస్తున్నాడు!"

నవ్వులు. మెట్ల మీద ముందు నిలబడ్డ ఒలావి కడుపు పట్టుకున్నాడు. పక్కన వాళ్ళమ్మ, అతని మోచెయ్యి ఆసరాగా. "ఏమంటోంది టౌనో?" అని అడిగాడు.

పుల్ల నోట్లోంచి తీశాను.

"పాడుతోంది," అన్నాను.

అందరూ ఇంకా నవ్వారు. ఒలావీ నవ్వాడు. అతని నవ్వు పూర్తయ్యేదాకా ఆగి, దగ్గరికి నడిచి, అతని ట్రక్కు గురించి రెండో మాట చెప్పాను.